తీరంలో పెరడు: నేరమంతా ఉప్పుదేనా?

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో, ఋషికుల్య నది మొగ నుంచి బాహుదా నది మొగ దాకా, అంటే ఛత్రపూర్, గోపాల్‌పూర్ మీదుగా ఇచ్ఛాపురం పొలిమేర వరకు, సముద్రం పక్కన ఇళ్ళున్న తెలుగువాళ్ళని పెరటి గురించి కదిపితే ఒకటే మాట వినిపిస్తుంది: "ఇక్కడేం పండుతుందండీ, అంతా ఉప్పు." టమాటా పూత రాలితే ఉప్పు. బెండ మొక్క గిడసబారితే ఉప్పు. కొత్తిమీర మొలవకపోయినా ఉప్పే. అదే ఊళ్ళో రెండిళ్ళ అవతల ఆనప పాదు పందిరంతా అల్లుకుని కాస్తుంటుంది. మునగ కొమ్మలు కాయల బరువుకి వంగి ఉంటాయి. నేలా గాలీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడొచ్చిందని ఎవరూ అడగరు.

తీరంలో మొక్కని ఇబ్బంది పెట్టేవి చాలా ఉన్నాయి, వాటిలో ఉప్పు ఒకటి. ఆ ఉప్పు కూడా ఒకే దారిన రాదు. నేలలో నిలవున్నది వేరు, నూతి నీటితో వచ్చేది వేరు, గాలి మోసుకొచ్చేది వేరు. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. అందుకే ముందు ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో విడదీసి చూడాలి.

నేలతో మొదలుపెడదాం. గంజాం తీరంలో నేలలు ముఖ్యంగా రెండు రకాలు. సముద్రాన్ని ఆనుకుని ఇసుక దిబ్బలు ఉంటాయి. వాటి వెనక, నదుల మొగల పక్కన, పోటు నీళ్ళు ఎక్కి దిగే పల్లాల్లో బంకమట్టి ఉంటుంది. ఇసుకలో ఉప్పు నిలవదు. ఈ జిల్లాలో ఏటా సుమారు 1,300 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే. ఆ వానకి ఇసుక నేలలోని ఉప్పు వేళ్ళు దాటి కిందికి దిగిపోతుంది. కాబట్టి దిబ్బ మీద ఇల్లున్నవాళ్ళు దసరా నాటికి మట్టి పరీక్ష చేయిస్తే ఉప్పు తక్కువే కనిపిస్తుంది. వాళ్ళ కష్టం అసలు ఉప్పుతో కాదు. ఇసుక తన పరిమాణంలో పదో వంతు నీటిని కూడా సరిగ్గా పట్టి ఉంచలేదు. ఉప్పుని కడిగిన వానే ఎరువునీ కడిగేస్తుంది.

బంకమట్టిలో కథ తిరగబడుతుంది. అక్కడ ఉప్పు దిగడం కష్టం. ఎండాకాలంలో నేల ఆరుతున్నకొద్దీ అడుగునున్న ఉప్పు తేమతో పాటు పైకి వచ్చి తెల్లటి పొరలా పేరుకుంటుంది. ఇంకా చిక్కేమిటంటే, ఉప్పులోని సోడియం మట్టి రేణువులకి పట్టుకుని నేల గుణాన్నే మార్చేస్తుంది. తడిస్తే జిగురు, ఆరితే రాయి. నీళ్ళు పోస్తే ఇంకకుండా పైనే నిలుస్తాయి. జిప్సం ఉపయోగపడేది ఇలాంటి చోటే. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేసి దాని చోటు తీసుకుంటుంది, ఆ తర్వాత మంచినీళ్ళు పెట్టి సోడియాన్ని బయటికి పంపాలి. ఆ నీరు పోయే దారి లేకపోతే జిప్సం వేసీ లాభం లేదు. మరి దిబ్బ ఇసుకలో జిప్సం ఎందుకు? ఉప్పు అనగానే ఎరువుల దుకాణానికి వెళ్ళి బస్తా తెచ్చుకునే అలవాటు మా వైపు బాగానే ఉంది. ఇసుక నేలవాళ్ళు ఆ డబ్బుతో రెండు ట్రాక్టర్ల చెరువు మట్టి తోలించుకుంటే పదేళ్ళు పనికొస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. ఇసుకలో నల్లటి చారలు కనబడితే సారవంతమైన మట్టి అనుకునేవాళ్ళున్నారు. అవి ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాల రేణువులు. ఛత్రపూర్ దగ్గర ఐఆర్‌ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళు తవ్వి వేరు చేసేది వాటినే. పరిశ్రమకి అవి సంపద, వంగ మొక్కకి మాత్రం అందులో తిండి లేదు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం: నీరు.

సముద్రం ఇంత దగ్గరుండగా దిబ్బ మీద నూతిలో తియ్యటి నీళ్ళెలా ఊరుతాయి? వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పు నీటి మీద పాల మీద మీగడలా తేలుతుంది. మంచినీటి సాంద్రత 1.000 అనుకుంటే సముద్రపు నీటిది 1.025. ఈ చిన్న తేడా మీదే తీరప్రాంతపు నూతులన్నీ ఆధారపడి ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర గైబెన్, 1901లో హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు విడివిడిగా కట్టిన లెక్క ప్రకారం, సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఎత్తున ఉంటే కింద దాదాపు 40 అడుగుల లోతు దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగుంది. కానీ తోడేటప్పుడు అదే లెక్క ఎదురు తిరుగుతుంది. పైమట్టం అర అడుగు తగ్గి అలాగే ఉండిపోతే, కింద ఉప్పు నీరు మెల్లగా 20 అడుగులు పైకి రాగలదు. మోటారు పెట్టిన చోట ఉప్పు నీరు సరిగ్గా పైపు కిందకే శంకువు ఆకారంలో పొంగుతుంది. బోరు లోతుగా వేస్తే మంచినీళ్ళు పడతాయన్న మాట లోపలి ఊళ్ళలో చెల్లుతుంది, దిబ్బ మీద చెల్లదు. ఇక్కడ లోతుకి పోయేకొద్దీ ఉప్పుకి దగ్గరవుతాం.

పాతవాళ్ళు చెలమ తవ్వుకుని కుండతో ముంచుకున్నది పేదరికం వల్ల మాత్రమే అనుకోకూడదు. పైపైన ఉన్న నీళ్ళు కొద్దికొద్దిగా తీసుకోవడమే ఇసుక తీరానికి సరైన పద్ధతి. కోస్తా ఆంధ్రలో దొరువులు, అంటే ఇసుకలో లోతు తక్కువగా తవ్విన నీటి గుంటలు, ఈ పద్ధతివే. బాపట్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్ళు ఆ దొరువుకే మెరుగులు దిద్దారు: నీటిమట్టం దగ్గర అడ్డంగా చిల్లుల పైపులు పరిచి, ఊరిన నీటిని మధ్యనున్న గుంటలోకి చేర్చి తోడతారు. ఇంటి పెరటికి అంత హంగు అక్కర్లేదు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న నుయ్యి, చిన్న మోటారు, ఒకేసారి గంటసేపు కాకుండా పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తోడటం. ఇంతే.

నీరు ఎంత ఉప్పగా ఉందో నాలుక చెప్పలేదు. అలవాటు పడ్డ నాలుక అసలే చెప్పదు. నీటిలో ఎంత లవణం కరిగి ఉందో చూపించే టీడీఎస్ మీటర్ చవకలో దొరుకుతుంది, ఒకటి కొనుక్కోవాలి. అది చూపించే అంకెని 640తో భాగిస్తే వ్యవసాయ శాస్త్రంలో వాడే ఈసీ, అంటే విద్యుద్వాహకత, డెసీసీమెన్స్ లెక్కలో ఉజ్జాయింపుగా వస్తుంది. సాగునీటికి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) పెట్టిన హద్దులు ఇలా ఉన్నాయి: టీడీఎస్ 450 లోపుంటే ఏ పంటకైనా సమస్య లేదు, 450 నుంచి 2,000 దాకా పంటని బట్టి జాగ్రత్త పడాలి, 2,000 దాటితే చాలా పంటలు మానుకోవాలి. మే చివర ఒకసారి, అక్టోబరు చివర ఒకసారి కొలిస్తే మన నూతి స్వభావం తెలిసిపోతుంది. మేలో వచ్చే అంకె ఎక్కువగా ఉంటుంది. పంట లెక్క వేసుకోవాల్సింది ఆ కాలంలో ఏ మొక్క నేల మీద ఉందో చూసుకుని.

పంటల ఓర్పులో తేడా చాలామంది ఊహించే దానికన్నా ఎక్కువ. వేళ్ళ దగ్గర మట్టిలో ఈసీ ఎంత దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందో పరిశోధకులు చాలా పంటలకి కొలిచారు. బీన్స్, క్యారెట్‌కి 1. వంకాయకి 1.1. ఉల్లి, ముల్లంగి, బెండ కూడా ఆ దగ్గరే. మిరప, చిలగడదుంప 1.5. క్యాబేజీ 1.8. పాలకూర 2. టమాటా, కీరా దోస 2.5. బీట్‌రూట్ 4. బొబ్బర్లు దాదాపు 5. గంగవావిలి కూర 6 దాటి. గోరుచిక్కుడు 8.8. మొదటి అంకెకీ చివరి అంకెకీ మధ్య దాదాపు తొమ్మిది రెట్లు! మట్టిలో ఈసీ 2 ఉన్న మడిలో బీన్స్ దిగుబడి ఐదో వంతు పడిపోతుంది. పక్క మడిలో గోరుచిక్కుడుకి ఉప్పుందన్న సంగతే తెలియదు.

మరి ఉప్పు నీళ్ళతో పెంచేటప్పుడు మట్టిలో ఉప్పు పేరుకోకుండా ఎలా ఆపాలి? మొక్క తాగేదానికన్నా కొంచెం ఎక్కువ పోసి, ఆ ఎక్కువ నీటితో ఉప్పుని వేళ్ళ కిందికి దింపాలి. దీనికీ ఒక లెక్కుంది. నీటి ఈసీ 1.5, అంటే టీడీఎస్ 960 అనుకుందాం. మడిలోని మొక్కలన్నీ కలిసి రోజుకి 10 బకెట్లు తాగితే టమాటా మడికి సుమారు 11.5 బకెట్లు పొయ్యాలి. అదే బీన్స్‌కైతే 17.5. ఇక్కడే ముడి బిగుసుకుంటుంది. ఎక్కువ పోయాలంటే ఎక్కువ తోడాలి. ఎక్కువ తోడితే నుయ్యి ఇంకా ఉప్పెక్కుతుంది. ఉప్పెక్కిన నీటిని ఇంకా ఎక్కువ పోయాలి. పోసిన నీరు ఎరువుని కూడా దింపేస్తుంది కాబట్టి ఎరువూ ఎక్కువ కావాలి. బీన్స్ మీద ఇష్టంతో నుయ్యిని పాడుచేసుకునే దారి ఇది. నా మటుకు నేను నీటిని మార్చే ప్రయత్నం కన్నా పంటని మార్చడం తేలికైన పని అంటాను. నూతి అంకె 1,000 దాటే నెలల్లో బీన్స్, క్యారెట్, ఉల్లి జోలికి పోకుండా బరంపురం మార్కెట్లో కొనుక్కోవడం నయం. అవే పంటలు వానలు తగ్గాక, నుయ్యి తియ్యగా ఉన్న నవంబరు, డిసెంబరులో నిక్షేపంగా పండుతాయి.

పోసే తీరులో కూడా కొంత ఉంది. ఇసుకకి రోజూ కొద్దిగా పోస్తూ, వారానికోసారి మడి నిండా పోసి కడగాలి. ఎరువు వేసేది కడగక ముందు కాదు, కడిగిన మర్నాడు. ఉప్పు నీటిని ఆకుల మీద చల్లితే ఆకులే ఉప్పుని పీల్చుకుని అంచులు మాడతాయి కాబట్టి మొక్క మొదట్లోనే పోయాలి. బోదెలు తోలి కాలవలో నీరు పెట్టేవాళ్ళు మొక్కని బోదె నెత్తిన నాటకూడదు. నీరు రెండు పక్కల నుంచీ ఎక్కి ఆరేటప్పుడు ఉప్పంతా నెత్తినే చేరుతుంది. బోదె పక్కవాలులో నాటితే మొక్క తప్పించుకుంటుంది.

గాలి సంగతి చిన్నది. మార్చి నుంచి జూన్ దాకా దక్షిణపు గాలి అలల తుంపరని మోసుకొస్తుంది. సముద్రం వైపున్న ఆకులు మాత్రమే, అంచుల నుంచి లోపలికి మాడుతుంటే అది గాలి ఉప్పు. అన్ని వైపులా ముదురాకులు మాడుతుంటే నీటి ఉప్పు. దీనికి ప్రహరీ గోడ కట్టేవాళ్ళున్నారు. గోడ గాలిని ఆపదు, పైనుంచి ఎగరేసి అవతలి పక్క సుడి తిప్పుతుంది. సగం గాలి దూరే దడి మేలు. అలాంటి దడి తన ఎత్తుకి దాదాపు పది రెట్ల దూరం కాపాడుతుంది. రెండు మీటర్ల దడి ఉంటే ఇరవై మీటర్ల పెరడు. సరుగుడు, తాటాకు దడి, అన్నిటికన్నా మొగలి. గంజాం మొగలి పువ్వుకీ దాని నుంచి తీసే సుగంధ తైలానికీ (రూహ్) భౌగోళిక గుర్తింపు ఉంది. ఉప్పు గాలిని లెక్కచేయని ఆ పొద మన గట్ల మీద తనంతట తానే పెరుగుతుంది. ముళ్ళుంటాయి కనక మేకలూ రావు.

ఇంతకీ ఉప్పు చేయని నేరాలు కొన్నున్నాయి. టమాటా పూత ఏప్రిల్, మే నెలల్లో రాలిపోవడం వాటిలో మొదటిది. కాయ పట్టాలంటే రాత్రులు చల్లబడాలి, 15 నుంచి 20 డిగ్రీలైతే హాయి. గోపాల్‌పూర్‌లో మే రాత్రి 26, 27 దగ్గరే ఆగిపోతుంది. సముద్రం పక్కన పగలు లోపలి ఊళ్ళంత మండకపోయినా రాత్రి చల్లబడదు. పుప్పొడి పనిచేయదు, పూత రాలుతుంది. ఎన్ని మంచినీళ్ళు పోసినా అంతే. కాలీఫ్లవర్ పువ్వు గట్టిపడకుండా విడిపోవడం కూడా ఇలాంటిదే. చలి దేశపు స్నోబాల్ రకాలకి ఇక్కడి చలి చాలదు, తొందరగా వచ్చే రకాలే వేసుకోవాలి.

రెండోది, ఎక్కువమంది పోల్చుకోలేనిది, నులిపురుగులు. కంటికి కనబడని ఈ జీవులకి ఇసుక నేలంటే మహా ఇష్టం. బెండ, వంగ, టమాటా వేళ్ళలో చేరి బుడిపెలు కడతాయి. మొక్క మధ్యాహ్నం వాడిపోతుంది, పసుపెక్కుతుంది, ఎదగదు. చూడ్డానికి అచ్చం ఉప్పు దెబ్బే. తేడా తెలుసుకోవడం ఒక్క నిమిషం పని: చావబోతున్న మొక్కని ఒకదాన్ని పీకి వేళ్ళు చూడండి. జపమాల పూసల్లా ముడులుంటే ఉప్పు గురించి ఆలోచించడం మానేసి, ఆ మడిలో వేపపిండి వేసి, ఒక కాలం ముద్దబంతి పెంచండి. పువ్వులు పూజకి, వేళ్ళు నేలకి. వెంటనే మళ్ళీ బెండ వేస్తే మాత్రం కథ మొదటికొస్తుంది.

టమాటా కాయ అడుగున నల్లగా కుళ్ళడంలో ఉప్పుకి కొంత పాత్ర ఉంది. ఉప్పు, నీళ్ళు ఒకరోజు పోసి రెండు రోజులు మరిచిపోవడం, ఈ రెండూ కలిస్తే కాయ కొసకి కాల్షియం చేరదు. గుడ్డు పెంకుల పొడి వేసినందువల్ల ఆ కాయ బాగుపడదు. నీళ్ళు సమంగా పెడితే తర్వాతి కాయలు బాగుంటాయి.

ఇసుకకి ఏం కలపాలన్నది క్లుప్తంగా: ఎండాకాలంలో ఎండిన చెరువు మట్టి, మాగిన పేడ, ఆకుతుక్కు. ఒకేసారి గంపలకొద్దీ కాకుండా నెలకోసారి కొంచెం. కవిటి, సోంపేట వైపు నుంచి కొబ్బరి పొట్టు చవగ్గా దొరుకుతుంది, తేమని బాగా పడుతుంది. అయితే పీచుని ఉప్పుటేటిలో నానబెట్టి తీసిన పొట్టయితే దాని నిండా ఉప్పుంటుంది. మంచినీళ్ళలో రెండు మూడుసార్లు నానబెట్టి పిండి, ఆ నీళ్ళలో మీటరు ముంచి చూసి మరీ వాడాలి. చేపలు కడిగిన నీళ్ళు, తలలు, పొట్టలు మొక్కలకి మంచి బలం. ఎండుచేపలు నానబెట్టిన నీళ్ళు మటుకు పెరట్లో పోయకూడదు. అది ఉప్పు ఊటే. తీరంలో ఇంట్లోంచే పెరట్లోకి ఉప్పు చేరే దారి ఇదొకటి.

పంట పంచాంగం కూడా ఇక్కడ కాస్త వేరు. వానాకాలంలో ఆనప, బీర, గుమ్మడి పాదులు, చేమ, కంద, గోంగూర. శీతాకాలపు నారుకి తొందర పడకూడదు. 1999 అక్టోబరు మూడో వారంలో వచ్చిన తుపాను, 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటిన తిత్లీ, మూడూ ఆ నెలవే. నారు సెప్టెంబరులో వసారాలో ట్రేల్లో పోసి, దీపావళి చూసుకుని నేలలో నాటితే నష్టం తక్కువ. ఉప్పెన నీళ్ళు పెరట్లోకి వస్తే నేల ఆరేలోగా మంచినీళ్ళు పెట్టి కడగడం మొదలుపెట్టాలి. ఇసుకైతే తొందరగా తేరుకుంటుంది, బంకమట్టికి ఎక్కువ కాలం పడుతుంది. మార్చి వచ్చాక గోరుచిక్కుడు, బొబ్బర్లు, తోటకూర, బచ్చలి. మునగ ఎప్పుడూ ఉంటుంది.

ఈ చివరి జాబితా చూసి పెదవి విరిచేవాళ్ళకి వంట మీద శ్రద్ధ లేదనుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. వంటిళ్ళలో ఆ సరిహద్దు ఇప్పటికీ సరిగ్గా పడలేదు. బచ్చలికి మనం కంద జోడించి, చింతపండు పులుపు తగిలించి, పొయ్యి దింపాక ఆవముద్ద కలుపుతాం. పక్కింటి ఒడియా వాళ్ళు అదే బచ్చలిని పోయి శాగొ అని రొయ్యలతో వండుతారు. వాళ్ళ బేసరొలో ఆవముద్ద వెల్లుల్లితో కలిసి పులుసులోనే ఉడుకుతుంది. మునగకాయకి నాకు వాళ్ళ పద్ధతే నచ్చుతుంది, కందబచ్చలికి మాత్రం మనదే. పప్పూ కూరగాయలూ కలిపి వండే వాళ్ళ దాల్మాలో పెరట్లో ఏది దొరికితే అది పడుతుంది: కంద, అరటికాయ, గుమ్మడి, బొప్పాయి, పైన వేయించిన జీలకర్ర, ఎండుమిరపకాయ పొడి. బొబ్బర్ల లేత కాయలు వంకాయతో, చారెడు ఎండు నెత్తళ్ళతో కలిపి వండితే ఇంక వేరే కూర అక్కర్లేదు. గోరుచిక్కుడు లేతగా ఉన్నప్పుడే కోయాలి, రెండు రోజులు ఆగితే పీచు.

టమాటాలో ఉప్పు ఒక మేలు చేస్తుంది. కాస్త ఉప్పు నీటితో పెరిగిన టమాటా కాయ చిన్నది, దిగుబడి తక్కువ, కానీ లోపల చక్కెర చిక్కబడి రుచి పెరుగుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో తీరపు పెరటి టమాటా పచ్చడికి మార్కెట్ టమాటా సాటి రాదని అనేవాళ్ళ మాట ఉత్త అభిమానం కాదు.

ఆకుకూరల విషయంలో ఒక జాగ్రత్త. బచ్చలి, గంగవావిలి, పాలకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. ఉద్దానం పక్కనే ఉన్న మనకి కిడ్నీ జబ్బు కొత్త మాట కాదు. ఇంట్లో అలాంటి వాళ్ళుంటే ఏ కూర ఎంత తినొచ్చో డాక్టర్ని అడిగాకే వండాలి. మిగతావాళ్ళకి, నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే వాటిలో కొంత భాగం పోతుంది.

మొగల దగ్గర ఉప్పుపర్రల్లో ఎవరూ నాటకుండానే పెరిగే ఇలకూర కూడా తినే కూరే. లేత కొసలు తుంచి, రెండుసార్లు కడిగి, ఉడికించి నీళ్ళు వంపేసి పప్పులో వేసుకోవచ్చు. పప్పులో ముందుగా ఉప్పు వేయకండి. కూర కలిపి, రుచి చూసి, చాలకపోతే అప్పుడు.